రోజూ అదే పనా? మాదరి భాగ్యరెడ్డి వర్మ జీవితం చెప్పే ధమ్మ పాఠం

ఉపాసక ఉపాసికలారా, ఈసారి మీతో ఒక చిన్న విషయం మాట్లాడాలి. చిన్నదే గానీ మన సంఘాలను లోపల్నుంచి తినేస్తున్న విషయం. దాని పేరు విసుగు. అది ఆకలి కాదు, అవమానం కాదు, పెద్ద కష్టమూ కాదు. నిన్న అదే, ఇవాళ అదే, రేపూ అదే అనిపించే విసుగు.

ఫిలింనగర్ బస్తీలో మేము ఆదివారం వందన పెట్టుకునే గది ఒకటుంది. రేకుల కప్పు, గోడకు బాబాసాహెబ్ ఫోటో, బల్ల మీద చిన్న బుద్ధ విగ్రహం. ఆ గదికి మూడేళ్లు వదలకుండా వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడు. సినిమాల్లో లైట్‌మెన్ పని చేస్తాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఇంటికి పోయి అడిగితే దాచకుండా చెప్పాడు. షూటింగుకు పోతే ఒకే షాటు పదిసార్లు, అదే లైటు ఎత్తడం, అదే లైటు దించడం. ఇంటికొస్తే అవే గోడలు. ఆదివారం ఇక్కడికొస్తే అవే త్రిశరణాలు, అదే పంచశీల, అవే ఇరవై రెండు ప్రతిజ్ఞలు. బోనాలకు పోతే డప్పన్నా ఉంటది, ఒక ఊపు ఉంటది, మన దగ్గర ఏముందన్నా అని అడిగాడు.

నాకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. కోపం కూడా రాలేదు. ఆ మాట నేనూ ఎన్నోసార్లు మనసులో అనుకున్నదే. ఇరవై ఏళ్లుగా అవే కరపత్రాలు పంచుతున్నాను, అవే గల్లీలు తిరుగుతున్నాను. మీకూ ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది. కాదనకండి.

ఆ తమ్ముడికి చెప్పలేకపోయిన జవాబును తర్వాత నేను ఒక మనిషి బతుకులో వెతుక్కున్నాను. ఆయన మన హైదరాబాదు మనిషే. పేరు మాదరి భాగ్యరెడ్డి వర్మ. పేరు మీరు విన్నారు, జయంతికి దండ కూడా వేసి ఉంటారు. కానీ ఆయన రోజులు ఎలా గడిచాయో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం రండి.

ముందు విసుగు గురించి రెండు మాటలు. మన ధమ్మంలో దీనికి పేరుంది. అరతి అంటారు. మంచి పని మీద మనసు నిలవకపోవడం, చేస్తున్న దాంట్లో రుచి పోవడం. మారుడికి ముగ్గురు కూతుళ్లని మన గ్రంథాలు చెప్తాయి. తణ్హ, అరతి, రాగ. అందులో అరతి ఈ విసుగే. చూడండి, తృష్ణతో, రాగంతో సమానంగా విసుగును కూడా మారుడి బలగంలో లెక్కగట్టారు మన పెద్దలు. అంటే ఇది మీ ఒక్కరికే ఉన్న లోపం కాదు. బుద్ధుడి కాలం నుంచీ మనిషి దాంతో పోరాడుతూనే ఉన్నాడు.

ఇది పేదోడికే వస్తుందనుకుంటే పొరపాటు. యశుడి కథ మీకు తెలుసు. బాబాసాహెబ్ బుద్ధుడు ఆయన ధమ్మం గ్రంథంలో ఆ కథను చెప్పారు. యశుడు కాశీలో గొప్ప ధనవంతుడి కొడుకు. ఒక్కో కాలానికి ఒక్కో భవనం. రోజూ పాట, రోజూ ఆట, రోజూ విందు. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే పాడి ఆడి అలసిపోయిన వాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతున్నారు. ఆ క్షణంలో అతనికి ఆ సుఖమంతా రోత పుట్టింది. రాత్రికి రాత్రే ఇల్లు విడిచి సారనాథ్ దారి పట్టాడు. అక్కడ తథాగతుడు కనిపించాడు.

జూబ్లీహిల్స్ బంగళాల్లో పనికి పోయే అక్కలను అడగండి, వాళ్లకు యశుడి ఇల్లు బాగా తెలుసు. ఇంటి నిండా సామాను, మనిషి ముఖంలో మాత్రం ఏదో వెలితి. ఇక ఆ అక్కల సంగతి వేరు. పొద్దున్నే ఒక ఇంట్లో గిన్నెలు, తర్వాత ఇంకో ఇంట్లో బట్టలు, మధ్యాహ్నం మూడో ఇంట్లో వంట. కృష్ణానగర్‌లో తెల్లవారకముందే తయారై నిలబడే జూనియర్ ఆర్టిస్టులు కూడా అంతే. గుంపులో ఒకరుగా నిలబడి, హీరో నడిచి వెళ్తుంటే చేతులు ఊపి, బాగా రాలేదంటే మళ్లీ ఊపి, మళ్లీ ఊపి, సాయంత్రానికి కూలి తీసుకుని ఇంటికి. కొండ మీద విసుగు సుఖం ఎక్కువై వచ్చింది. కొండ కింద విసుగు పని ఎక్కువై వచ్చింది. రెండూ ఒకటే అని నేను అనను. ఆ తేడా గురించి చివర్లో మాట్లాడుకుందాం.

ఇప్పుడు భాగ్యరెడ్డి వర్మ గారి దగ్గరికి పోదాం.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. పిల్లవాణ్ని మొదట భాగయ్య అనే పిలిచేవారు. వాళ్ల కుటుంబ గురువు భాగ్యరెడ్డి అని పేరు మార్చాడు. మనం ఈ నేలకు మొదటి నుంచీ ఉన్నవాళ్లం, ఒకప్పుడు ఏలినవాళ్లం, రేడు అన్న మాటలోంచే రెడ్డి వచ్చింది, మరి మనకెందుకు ఉండకూడదు అన్నది ఆ గురువు తర్కం. వర్మ అన్న బిరుదు 1913లో ఆర్యసమాజం వాళ్లు ఆయన సేవ చూసి ఇచ్చారు. పేరులో రెడ్డి, వర్మ ఉన్నాయని ఇప్పటి పిల్లలు తికమక పడతారు. వాళ్లకు ఇది చెప్పండి. ఎవరి పేరు ఎవరు పెట్టుకోవాలో ఊరు నిర్ణయించే రోజుల్లో, ఆ పేరే ఒక ధిక్కారం.

అప్పటి హైదరాబాదు ఎలాంటిదో ఊహించుకోండి. మీరిప్పుడు ఉంటున్న ఈ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అప్పుడు బండరాళ్లు, ముళ్లచెట్లు. ఊరంతా మూసీకి రెండు పక్కలా ఉండేది. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. తెలుగులో బడి దొరకడమే కష్టం. అందులో మన పిల్లలకు బడి అంటే ఇంకా కష్టం. తండ్రి చిన్నప్పుడే పోవడంతో ఇల్లు గడవడం భారమైంది. భాగయ్య సికింద్రాబాదులో ఒక క్రైస్తవ న్యాయవాది ఇంట్లో పనికి కుదిరాడు. అంటే చూడండి, ఈయన కూడా పెద్దవాళ్ల బంగళాలో పనిచేసిన పిల్లవాడే. మన బస్తీలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది తల్లులు చేస్తున్న పనే. ఆ ఇంట్లో ఆయనకు చదువు అంటింది. పుస్తకాలు, పత్రికలు చేతికి అందాయి. బయటి ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలిసింది.

1906లో, అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. భజనలు, హరికథలు, కథలు. చదువు రాని జనానికి చెవి ద్వారా చదువు చెప్పాలి గదా. సాయంత్రం కూలి నుంచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కథ చెప్పడం, కథ మధ్యలో తాగుడు మానమని, పిల్లల్ని బడికి పంపమని, చిన్నపిల్లలకు పెళ్లిళ్లు చేయొద్దని చెప్పడం. 1911లో ఈ మండలి మాన్య సంఘం అయింది. తర్వాతి కాలంలో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. పేర్లు మారాయి. పని మాత్రం మారలేదు.

ఇక్కడ ఆగండి. చరిత్ర పుస్తకాలు ఇలాంటి మనిషి గురించి రాసేటప్పుడు తేదీలు రాస్తాయి. 1906, 1911, 1917, 1930. తేదీకీ తేదీకీ మధ్య ఏముందో రాయవు. ఆ మధ్యలో ఉన్నది రోజులు. ఒకదానిలాంటి ఇంకొక రోజు.

బడుల సంగతే తీసుకోండి. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లల కోసం తెలుగు బడులు తెరిచారు. క్రమంగా అవి ఇరవైకి పైగా అయ్యాయి, రెండు వేలకు పైగా పిల్లలు చదివారు. తర్వాత నిజాం ప్రభుత్వమే వాటిని తీసుకుంది. ఈ మూడు వాక్యాలు చదవడానికి మీకు పావు నిమిషం కూడా పట్టలేదు. కానీ ఒక బడి నడపడమంటే ఏమిటో ఒక్క నెల ట్యూషన్ నడిపిన మనకు తెలుసు. పొద్దున్నే తలుపు తీయాలి. ఊడవాలి. రాని పిల్లవాడి ఇంటికి పోయి తల్లిని బతిమాలాలి. ఆమె, పిల్లవాడు పనికి పోతే నాలుగు డబ్బులొస్తాయంటుంది. మళ్లీ బతిమాలాలి. పలకలు తేవాలి. పంతులుకు జీతం ఎక్కడిదో చూడాలి. అ ఆ లు దిద్దించాలి. మరుసటి రోజు మళ్లీ తలుపు తీయాలి. అ ఆ ల్లో కొత్తదనం ఏముంటుంది చెప్పండి? నేర్పేవాడికి వెయ్యోసారి. నేర్చుకునే పిల్లకు మాత్రం అది మొట్టమొదటిసారి. వాళ్ల వంశంలోనే మొదటిసారి.

ఈ మాట గట్టిగా పట్టుకోండి. మనకు పాతబడింది ఎదుటివాడికి ఇంకా చేరనే లేదు.

ఇంకో లెక్క చెప్తాను. ఆయన తన జీవితంలో మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారు. 1906 నుంచి 1939 వరకు ముప్పై మూడేళ్లు. భాగించి చూడండి. ఏడాదికి తొంభై దాకా. నెలకు ఏడో ఎనిమిదో. అంటే దాదాపు వారానికి రెండు. పండగొచ్చినా, వానొచ్చినా, ఒంట్లో బాగోకున్నా సగటున వారానికి రెండు. విషయాలు ఏమిటి? తాగుడు మానండి. చచ్చిన పశువు మాంసం మానండి. దేవత పేరు మీద పశువుల్ని కోయకండి. ఆడపిల్లను జోగినిగా విడవకండి. పిల్లల్ని బడికి పంపండి. తలెత్తుకుని బతకండి. ముప్పై మూడేళ్లు ఇవే. మీరు ఒక్క ఆదివారం ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివేటప్పటికి ఆవలింత వస్తోందంటున్నారు. ఆయనకు రాలేదనుకుంటున్నారా? వచ్చే ఉంటుంది. మనిషే గదా. కానీ ఆవలింత వచ్చిందని మర్నాడు సభ మానుకోలేదు.

ఒక్కొక్క దురాచారం ఎంత గట్టిదో గుర్తు చేసుకుంటే ఆ పునరావృత్తి ఎందుకో అర్థమవుతుంది. కల్లు కాంపౌండుకు పోయేవాడికి ఒక్కసారి చెప్తే మానతాడా? ఇవాళ మానతాడు, రేపు పోతాడు. ఎల్లుండి మళ్లీ చెప్పాలి. జోగిని దురాచారం మీద ఆయన ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. తరతరాలుగా రోజూ జరుగుతూ వచ్చిన అన్యాయం ఒక్కరోజు ఆవేశంతో పోదు. అది ఎన్నిసార్లు జరిగిందో, దాని మీద అన్నిసార్లు దెబ్బ పడాలి.

పెద్ద రోజులు ఆయనకు లేకపోలేదు. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. గూడూరు రామచంద్రరావు గారు దాన్ని ఏర్పాటు చేశారు. భాగ్యరెడ్డి వర్మ గారు అధ్యక్షులు. పంచములు అన్న పేరు మనది కాదు, అది మనల్ని వెలుపల పెట్టినవాళ్లు పెట్టిన పేరు, మనం ఈ నేలకు ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చింది. అక్కడి నుంచే ఆది ఆంధ్ర అన్న మాట ఊరూరా పాకింది. ఎంత గొప్ప రోజది! ఇవాళైతే ఫోన్లలో వీడియోలు తిరిగేవి.

మరి సభ ముగిశాక? రైలెక్కి హైదరాబాదు వచ్చారు. బడి తలుపు తీశారు.

నాకు ఆయన గొప్పతనం బెజవాడ వేదిక మీద కంటే ఆ తిరుగు ప్రయాణంలో ఎక్కువ కనిపిస్తుంది. మనలో చాలామందిమి వేదిక దగ్గర ఆగిపోతాం. ఏప్రిల్ 14న ర్యాలీ, డిసెంబరు 6న నివాళి, అక్టోబరు 14న దీక్షాభూమి. ఆ మూడు రోజులు మన ఒంట్లో కరెంటు ఉంటుంది. మిగతా మూడు వందల అరవై రెండు రోజులు ఏం చేయాలో తెలియదు. ధమ్మం ఉండేది ఆ మూడు వందల అరవై రెండు రోజుల్లోనే.

నగరంలో ప్లేగు వచ్చినప్పుడు, ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు జనం ఇళ్లు విడిచి పారిపోతుంటే ఆయన వలంటీర్లను పోగేసి సేవకు దిగారు. అందులో సినిమా కథలో ఉండే వీరత్వం ఏమీ లేదు. శవాన్ని ఎత్తాలి, రోగికి నీళ్లివ్వాలి, మళ్లీ ఇంకో ఇంటికి పోవాలి. జీవహింసకు వ్యతిరేకంగా పనిచేసిన జీవరక్ష జ్ఞాన ప్రచారక మండలిలోనూ ఏళ్ల తరబడి పనిచేశారు. పాణాతిపాత విరతి అని మనం మొదటి శీలం చదువుతాం గదా, దాన్ని ఆయన వీధుల్లో తిరిగి ఆచరణలో పెట్టారు.

ఇప్పుడు మనకు అన్నిటికంటే దగ్గరి విషయం. 1913లోనే ఆయన హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపారు. 1913 అంటే ఏమిటో ఆలోచించండి. ఆ ఏడాదే బాబాసాహెబ్ ఇరవై రెండేళ్ల యువకుడిగా చదువు కోసం అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. నాగపూర్ దీక్షకు ఇంకా నలభై మూడేళ్లు ఉంది. ఈ నగరంలో మన మనుషుల్లో బుద్ధుడి పేరు తెలిసినవాళ్లే తక్కువ. అలాంటి రోజుల్లో ఆయన వైశాఖ పున్నమిని గుర్తుపెట్టుకున్నారు. ఒక్కసారి చేసి ఊరుకోలేదు. 1937లో కూడా ఆయన చేతుల మీద బుద్ధ జయంతి జరిగింది. కొడుక్కి గౌతమ్ అని పేరు పెట్టారు.

నిజం చెప్పాలంటే ఆయన మనలాగా దీక్ష తీసుకున్న బౌద్ధుడు కాదు. బాబాసాహెబ్ చూపిన దారి అప్పటికి ఇంకా తెరుచుకోలేదు. ఆర్యసమాజంతో నడిచారు, ఇతర సంస్కర్తలతో నడిచారు, ఆది హిందూ అన్న పేరుతో పనిచేశారు. ఆయన్ని మనం అచ్చంగా మనలాంటివాడని చెప్పుకుంటే అది అబద్ధం అవుతుంది, నాలుగో శీలం తప్పుతుంది. కానీ దున్నని నేలలో విత్తనం మొలవదు. 1956 తర్వాత ఈ నగరంలో ధమ్మం మొలకెత్తిందంటే అంతకు ముందు ఆ నేలను ఎవరో ఏటేటా దున్నారు. పంట చూడకుండానే దున్నారు.

1930 సెప్టెంబరులో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడవలసింది డాక్టర్ అంబేద్కరే అని ఆ సభ నిలబడింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేయించడం వెనక కూడా ఆయన శ్రమ ఉంది. అర్జీ రాయడం, ఆఫీసుకు పోవడం, మళ్లీ అర్జీ రాయడం. అర్జీలు తిప్పిన వాళ్లకు తెలుసు అందులో ఎంత విసుగుందో.

1931లోనే భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు. 1937లో దాని పేరు ఆది హిందూ అయింది. ఆ పత్రికలో వెట్టి మాదిగ అనే కథ రాశారు. తెలుగులో మన బతుకును మనమే రాసుకున్న తొలి కథల్లో దాన్ని లెక్కిస్తారు. మాల ఇంట పుట్టిన మనిషి మాదిగ వెట్టి గురించి రాశారన్నది గుర్తుంచుకోండి. ఇవాళ మన మధ్య గోడలు కట్టేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు.

ఆ కథ పేరులోని వెట్టి అన్న మాట దగ్గర నిలబడి ఇందాక వదిలేసిన తేడా చూద్దాం.

వెట్టి అంటే ఏమిటి? తాత చేసిన పని తండ్రి చేయాలి, తండ్రి చేసింది కొడుకు చేయాలి. కూలి అడగకూడదు, కాదనకూడదు. అంటే కులం అనేది తరాల పొడుగునా సాగే మార్పులేనితనం. ఒక మనిషికి రోజూ అదే పని పడటం ఒక ఎత్తు. ఒక వంశానికి వందల ఏళ్లు అదే పని కట్టబెట్టడం ఇంకో ఎత్తు. చీపురు ఒక ఇంట్లోనే ఉండాలి, పుస్తకం ఇంకో ఇంట్లోనే ఉండాలి అన్నారు. ఈ మార్పులేనితనాన్ని ఓర్చుకోండి, అది మీ కర్మ అని ఎవరైనా చెప్తే అది ధమ్మం కాదు. బుద్ధుడు చెప్పిన కర్మ మన చేతల గురించి, పుట్టుకతో నెత్తిన పెట్టిన బరువు గురించి కాదు.

కాబట్టి మూడిళ్లల్లో గిన్నెలు తోమే అక్కతో, విసుగు పడకుండా ధ్యానంలా తోమమ్మా అని నేను చెప్పను. ఆమెకు కావలసింది వారానికి ఒక సెలవు, సరైన జీతం, మర్యాదగా పిలుపు. లైట్‌మెన్ తమ్ముడితో, నీ అలసట అంతా మనసులోనే ఉందని చెప్పను. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు వేతనాలు పెంచమని పనులు ఆపి నిలబడ్డారు. నిలబడటమే సరైనది. దుఃఖానికి కారణం ఉంది అన్నప్పుడు, ఆ కారణం బయట ఉంటే బయటే తీసేయాలి. బాబాసాహెబ్ మనకు నేర్పిన బుద్ధుడు ఆయనే.

కానీ ఇంకో రకం పునరావృత్తి ఉంది. అది ఎవరూ మన నెత్తిన పెట్టింది కాదు, మనమే ఎంచుకున్నది. రోజూ బడి తలుపు తీయడం. వారానికి రెండుసార్లు నిలబడి అదే మాట చెప్పడం. ఏటా వైశాఖ పున్నమికి దీపం పెట్టడం. తరాల వెట్టిని భాగ్యరెడ్డి వర్మ గారు దేంతో కొట్టారు? ఇదిగో ఈ రెండో రకం పునరావృత్తితోనే కొట్టారు. ఆ రోజూకి ఈ రోజూనే విరుగుడు. ఆయనకు ఇంకో ఆయుధం లేదు. డబ్బు లేదు, రాజ్యం లేదు.

రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది? మిమ్మల్ని మీరే అడగండి. ఈ పని నేను ఎంచుకున్నానా, నా మీద పడిందా? దీనివల్ల ఎవరికైనా దారి తెరుచుకుంటోందా, నాకున్న దారి కూడా మూసుకుపోతోందా? చేసిన కొద్దీ నా మనసు మెలకువగా ఉంటోందా, మొద్దుబారుతోందా? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తప్పుగా వస్తే పోరాడండి, పని మార్చండి, పదిమందిని కూడగట్టండి. మూడోదానికి మాత్రమే తప్పుగా వస్తే అప్పుడు అది అరతి. దాన్ని మనసులోనే పట్టుకోవాలి.

ఎలా పట్టుకోవాలంటే చూళపంథకుడి సంగతి గుర్తు తెచ్చుకోండి. నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథ నోటికి రాని భిక్షువు. సొంత అన్నే పొమ్మన్నాడు. తథాగతుడు అతనికి ఒక తెల్లటి గుడ్డ ఇచ్చి తుడుస్తూ ఉండమన్నాడు. అదే గుడ్డ, అదే తుడుపు. తుడుస్తూ తుడుస్తూ ఉంటే తెల్లగా ఉన్న గుడ్డ మాసిపోవడం అతను చూశాడు. ఏదీ ఉన్నది ఉన్నట్టు ఉండదని అక్కడ అతనికి తెలిసింది. అనిచ్చం. నిన్నటి వందన, ఇవాళ్టి వందన ఒకటే అనిపిస్తే అది వందన తప్పు కాదు, మనం చూడటం లేదు. నిన్న మీ పక్కన కూర్చున్న అమ్మ ఇవాళ ఎందుకు రాలేదు? నాలుగో శీలం చదివేటప్పుడు ఈ వారం మీరు ఆడిన అబద్ధం గుర్తొచ్చిందా? అయిదోది చదివేటప్పుడు గొంతు కాస్త తగ్గిందా? మాటలు అవే. చదివే మనిషి అదే మనిషి కాదు.

భాగ్యరెడ్డి వర్మ గారు 1939 ఫిబ్రవరి 18న చనిపోయారు. యాభై ఏళ్లే. అంత తిరుగుడు, అంత శ్రమ ఒంటిని ఊరికే వదలదు. బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న రోజు చూడలేదు. నిజాం రాజ్యం పోవడం చూడలేదు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగాన్ని చూడలేదు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం, ఇసామియా బజార్‌లో ఆయన పేరుతో ఆడపిల్లల బడి మాత్రం మిగిలాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మలక్‌పేట వైపు పోయే బండి ఎక్కితే గంటలోపే ఆ వీధుల్లో ఉంటారు. మీ పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం పోయి చూడండి. సినిమావాళ్ల ఇళ్లు చూపించడానికి చుట్టాల్ని తిప్పుతుంటాం గదా, ఈ చోటు కూడా చూపిద్దాం.

చివరగా ఆ లైట్‌మెన్ తమ్ముడి సంగతి. ఈ కథంతా పోయి చెప్పాను. విన్నాడు, ఏమీ అనలేదు. తర్వాతి ఆదివారం కూడా రాలేదు. కొన్ని వారాలకు ఒక సాయంత్రం వచ్చి గది తాళంచెవి అడిగాడు. ఇప్పుడు షూటింగు లేని రోజుల్లో బస్తీ పిల్లలకు ఎక్కాలు చెప్తున్నాడు. రెండో ఎక్కం, మూడో ఎక్కం, మళ్లీ రెండో ఎక్కం. విసుగు పోయిందా తమ్ముడూ అని అడిగితే పోలేదన్నా అంటాడు. ఆ మాట నిజాయితీగా ఉంది, నాకు నచ్చింది. పోనీయండి, విసుగు ఒక మూల కూర్చుని ఉండనీయండి. తాళం తీయడం ఆగకపోతే చాలు.

మీ బస్తీలో తాళం పడి ఉన్న గది ఏదైనా ఉందా? ఈ వారం ఒకసారి తెరిచి, ఊడ్చి, నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టండి. వచ్చే వారం మళ్లీ తెరవండి.

నమో బుద్ధాయ. జై భీమ్.